రెండో రీడింగు

మా టీమ్‌లో ఒక టెస్టు ఉంది. పదిసార్లు నడిపితే ఒకటి రెండుసార్లు ఎర్రబడుతుంది, మిగతా అన్నిసార్లూ పచ్చగానే ఉంటుంది. ఎందుకలా అని తవ్వే తీరిక ఎవరికీ ఉండదు. ఎర్రబడినప్పుడు పక్కనున్న రీ-రన్ బటన్ నొక్కుతాం. ఐదు నిమిషాల్లో పచ్చబడుతుంది, రిలీజు వెళ్ళిపోతుంది. కొత్తగూడలో మా ఆఫీసున్న ఒక్క బిల్డింగులోనే ఆ బటన్ రోజుకి ఎన్నిసార్లు నొక్కుతారో ఎవరూ లెక్కపెట్టరు.

ఈ మధ్య కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు అడిగింది, “మొదటిసారి ఫెయిలైందని ఎక్కడైనా రాసిపెడతామా అండీ?” అని. లేదన్నాను. “మరి రెండోసారి వచ్చిందే నిజమని మనకెలా తెలుసు?” అంది. అడిగినంత మామూలుగానే మళ్ళీ తన స్క్రీన్ వైపు తిరిగింది. నా దగ్గర జవాబు లేదు. ఒక పాత జ్ఞాపకం మాత్రం ఉంది. దానికి సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేదు, ఆముదంతో ఉంది.

నేను చదివింది ఈఈఈ. కొత్తగూడ, కొండాపూర్ ఆఫీసుల్లో ఇదేం వింత కాదు, మా వరసలో కూర్చునేవాళ్ళలో సివిల్ చదివినవాడొకడు, మెకానికల్ చదివినవాళ్ళిద్దరు. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం మూడు నెలలు ఊరికి ఆ చివర ఒక పారిశ్రామికవాడలో, కెపాసిటర్లు తయారుచేసే చిన్న యూనిట్‌కి వెళ్ళేవాణ్ణి. అక్కడ చేసేవి ఫ్యాన్లలో పెట్టే కెపాసిటర్లు కావు. పల్స్ పవర్ జనరేటర్లలో వాడేవి.

పల్స్ పవర్ అంటే కొంచెం కొంచెంగా కూడబెట్టి ఒక్కసారిగా ఖర్చుపెట్టడం. ఏళ్ళ తరబడి చీటీలు కట్టి మూడు రోజుల పెళ్ళికి పోసినట్టు. 1924లో ఎర్విన్ మార్క్స్ అనే జర్మన్ ఇంజనీరు చెప్పిన పద్ధతే ఇప్పటికీ దీనికి వెన్నెముక. కొన్ని కెపాసిటర్లని పక్కపక్కన కలిపి తీరిగ్గా ఛార్జి చేస్తారు. ఒక్కోదాని మీద లక్ష వోల్టులు ఉన్నాయనుకుందాం. వాటి మధ్య చిన్న చిన్న గాలి ఖాళీలు, ఆ ఖాళీలకి అటూ ఇటూ లోహపు గోళాలు ఉంటాయి. మొదటి ఖాళీలో నిప్పురవ్వ పుట్టిస్తే ఆ వెంటనే మిగతావన్నీ వరసగా తెగుతాయి, అప్పటిదాకా పక్కపక్కనున్న కెపాసిటర్లన్నీ ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కినట్టవుతుంది. పది ఉంటే పది లక్షల వోల్టులు. అదీ కొన్ని మైక్రోసెకన్ల పాటు.

ఇలాంటిది చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు వైపు వెళితే కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థ, అంటే సీపీఆర్ఐ వాళ్ళ అల్ట్రా హైవోల్టేజి లాబొరేటరీ ఉంది. అక్కడి ఇంపల్స్ జనరేటర్ 50 లక్షల వోల్టులది, దానిలో నిలవుండే శక్తి 500 కిలోజౌళ్ళు. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే యూనిట్‌లో ఏడో వంతు. ఒకటిన్నర కిలోవాట్ల ఏసీ ఐదున్నర నిమిషాలు నడవడానికి సరిపోయేంత. అంతేనా అనిపిస్తుంది. కానీ అదే శక్తి మైక్రోసెకన్లలో బయటికొస్తే ఆ కాస్తసేపూ అది వేల మెగావాట్లు. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో బార్క్ వాళ్ళకీ పల్స్ పవర్ విభాగం ఉంది. అక్కడి అవసరాలు వేరు, సూత్రం ఒకటే.

ఉప్పల్లో ఈ యంత్రం చేసే పని నకిలీ పిడుగులు వేయడం. నిజం పిడుగు ఎలా పడుతుందో దానికో ప్రామాణిక రూపం ఉంది, 1.2 మైక్రోసెకన్లలో శిఖరానికి ఎక్కి, 50 మైక్రోసెకన్లకి సగానికి దిగాలి. 400 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఫ్యాక్టరీ వదిలే ముందే 13 లక్షల వోల్టుల అలాంటి దెబ్బని తట్టుకోవాలి. లోపల ఎక్కడైనా తయారీలో పొరపాటు జరిగివుంటే అప్పుడు బయటపడుతుంది. అంటే ఇది ఇతరుల లోపాలు పట్టే యంత్రం. దాన్ని కూడా మనుషులే చేస్తారు కాబట్టి దానికీ లోపాలుంటాయి. నేను పనిచేసిన యూనిట్ ఈ రెండో రకం లోపాలు పుట్టే చోటు.

కెపాసిటర్ తయారీ చాప చుట్టడం లాంటిది. రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య కాగితం, ప్లాస్టిక్ ఫిల్ముల పొరలు. చుట్టిన దాన్ని డబ్బాలో పెట్టి, వేడి చేస్తూ వాక్యూమ్‌లో ఉంచి, తేమనీ గాలినీ లాగేస్తారు. ఆ వాక్యూమ్‌లోనే నూనె వదులుతారు. పల్సు కెపాసిటర్లలో దశాబ్దాలుగా పేరున్న నూనె ఆముదం. పాలమూరు, నల్లగొండ మెట్టపొలాల్లో పండేదే, పసిపిల్లల మాడుకి పెట్టేదే. మామూలు మినరల్ ఆయిల్ కన్నా ఇది విద్యుత్ క్షేత్రంలో దాదాపు రెండింతలు శక్తిని దాచుకోగలదు, పల్సులని ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. ఏ చెట్టూ లేనిచోట మహావృక్షమని మనం వెక్కిరించే చెట్టుకి ఇంత గౌరవం ఉందని తెలిసి నాకు సరదా వేసింది.

చుట్టే మెషీన్ దగ్గర ఒక పెద్దావిడ ఉండేది. రేకు మీద వేలు ఆనించి కూర్చునేది. మెషీన్ తిరుగుతుండగానే ఉన్నట్టుండి ఆపేసి, “ముడత పడ్డది బిడ్డా, ఇది పోతది” అనేది. విప్పి చూస్తే వెంట్రుకంత ముడత. పోతదని ఆమెకి తెలుసు. ఎందుకు పోతదో నా పుస్తకంలో ఉంది. ముడత దగ్గరా, రేకు అంచున మిగిలిన గరుకు దగ్గరా విద్యుత్ క్షేత్రం గుమిగూడుతుంది. అయితే ముడతా, గరుకూ వేలికి దొరికే లోపాలు. దొరకనిది బుడగ. నూనె సరిగా ఎక్కని చోట మిగిలిపోయిన ఇంత గాలి.

బుడగ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసమంతా దాని గురించే. కెపాసిటర్‌ని ఛార్జి చేసి ఊరికే ఉంచితే బుడగ చాలావరకు మెదలకుండా పడి ఉంటుంది. వోల్టేజి వేగంగా మారినప్పుడు కథ వేరు. అప్పుడు క్షేత్రం పదార్థాల పెర్మిటివిటీని బట్టి పంచుకోబడుతుంది. ఆముదానిది నాలుగున్నర దాకా, గాలిది ఒకటి. పల్చటి చదును బుడగ అయితే చుట్టూ ఉన్న నూనెలో కన్నా దానిలో క్షేత్రం దాదాపు నాలుగున్నర రెట్లు. పోనీ గాలి అంత గట్టిదా అంటే, అన్నిట్లోకీ బలహీనమైనది అదే, మామూలు ఒత్తిడిలో మిల్లీమీటరుకి మూడు వేల వోల్టుల దగ్గర తెగిపోతుంది. ఎవరికి బలం తక్కువో వాళ్ళ నెత్తినే బరువు ఎక్కువ పడటం మన ఊళ్ళలో చూసిందే, కానీ భౌతికశాస్త్రంలో కూడా ఇలా ఉంటుందనుకోలేదు. బుడగలో సన్నటి రవ్వ పుడుతుంది. కెపాసిటర్ ఫెయిల్ కాదు, బయట ఏమీ తెలియదు. పల్సు పల్సుకీ ఆ రవ్వ చుట్టుపక్కల కాగితాన్ని ఇంత కాలుస్తుంది. ఎన్నో వేల పల్సుల తర్వాత ఒకనాడు అడ్డంగా దారి పడుతుంది.

అన్ని బుడగలూ ఇలా చేయవు. గాలిలో ఎంత చిన్న ఖాళీ అయినా దాదాపు 330 వోల్టుల లోపు తెగదని పాషెన్ 1889లో ఇచ్చిన సూత్రం నుంచి తేలుతుంది. చాలా చిన్న బుడగ మీద అంత వోల్టేజి పడకపోతే అది కెపాసిటర్ ఉన్నంతకాలం నిశ్శబ్దంగా ఉండిపోతుంది. మరి దాన్ని లోపం అనాలా?

తెలుగులో మనకి మూడు మాటలున్నాయి, లోపం, దోషం, తప్పు. ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. వ్యాకరణం చదివినవాళ్ళకి లోపం అంటే అక్షరం కనబడకుండా పోవడం. పాణిని నిర్వచనం కూడా అదే, కనిపించకపోవడమే లోపం. బుడగ అచ్చంగా అలాంటిది, ఉండాల్సిన నూనె లేకపోవడం. దానిలో ఎవరి దుర్మార్గమూ లేదు. అది పల్సుని కలిసినప్పుడు దోషమవుతుంది. 50 వేల వోల్టుల దగ్గర అమాయకంగా ఉన్న బుడగే లక్ష దగ్గర నేరస్థురాలవుతుంది. కాబట్టి దోషం బుడగలో మాత్రమే లేదు, మనం అడిగే పనిలోనూ ఉంది. ఇక తప్పుకి మనిషి కావాలి. బుడగ తప్పు చేయలేదు. ఎవరైనా చేస్తేనే తప్పు.

ఇంతవరకూ ఒప్పుకోవడం తేలికే. చిక్కు ఏమిటంటే ఈ యంత్రాల్లో సగటుకి విలువ లేదు. అమెరికాలో శాండియా ప్రయోగశాల వాళ్ళ జెడ్ యంత్రంలో 36 మార్క్స్ జనరేటర్లు, ఒక్కోదానిలో 60 కెపాసిటర్లు, మొత్తం 2,160. ఊరికే లెక్క కోసం, ఒక్కో కెపాసిటర్ ఒక పల్సుని క్షేమంగా దాటే అవకాశం వెయ్యికి 999 అనుకుందాం. మన పరీక్షల్లో ఇది డిస్టింక్షన్ కన్నా ఎక్కువ. కానీ 2,160 కెపాసిటర్లూ కలిసి క్షేమంగా దాటే అవకాశం నూటికి 12 కూడా ఉండదు. పదివేలకి ఒక్కటే పోతుందనుకున్నా, అయిదుసార్లలో ఒకసారి ఎక్కడో ఏదో పోతుంది. కాబట్టి అక్కడ నిజంగా అడగాల్సిన ప్రశ్న మీ సరుకు ఎంత బాగుందని కాదు. మీ సరుకులో అన్నిటికన్నా అధ్వాన్నమైనది ఎలా ఉందని.

పోయేది ఒక్కటే పోయి ఊరుకోదు కూడా. మార్క్స్ జనరేటర్‌లో మెట్టుకీ మెట్టుకీ మధ్య రెసిస్టర్లుంటాయి కాబట్టి కొంత నయం. నేరుగా పక్కపక్కన కలిపిన బ్యాంకుల్లో ఒక కెపాసిటర్ షార్టయితే, బాగున్న పక్కవాటన్నిటిలోని శక్తీ దానిలోకే దూకుతుంది. డబ్బా పగిలేది దాని శక్తితో కాదు, ఆరోగ్యంగా ఉన్న ఇరుగుపొరుగు శక్తితో. అందుకే ఒక్కోదానికి ఫ్యూజు పెడతారు. పోయిన తర్వాత రిపోర్టులో ‘ఫలానా నంబరు కెపాసిటర్ వైఫల్యం’ అని ఒక్క ముక్క ఉంటుంది. కర్ణుడి చావుకి కారణాలనేకం అని సామెత చెప్పిన జాతి మనది, అయినా రూట్ కాజ్ గడిలో ఒకే పేరు రాయమంటే రాసేస్తాం. ఆ కర్ణుడి శాపం కూడా పల్సులాంటిదే. మామూలు రోజుల్లో అతనికి అస్త్రాలన్నీ గుర్తే. అవసరమైన క్షణంలోనే మరిచిపోవాలని శాపం.

ఇక్కడ ఒక మాట. మా ఆఫీసుల్లో మనుషుల్ని ఇలా యంత్రాలతో పోల్చి ‘ప్రెషర్‌లోనే అసలు రంగు బయటపడుతుంది’ అనేవాళ్ళు ఎక్కువ. నాకది నచ్చదు. కెపాసిటర్‌ని లక్ష వోల్టుల కోసమే చేశారు, మనుషుల్ని ఎవరూ అలా చేయలేదు. నా ప్రశ్న చేసేవాడి గురించి, పరీక్షించేవాడి గురించి. అంటే ఆ మూడు నెలల్లో నా గురించి.

ఒక కాలేజీ ల్యాబ్‌కి మార్క్స్ జనరేటర్ కోసం పది కెపాసిటర్ల ఆర్డరు. పార్షియల్ డిశ్చార్జి పరీక్ష నా పని. బుడగలో పుట్టే రవ్వల్ని కొలిచే పరీక్ష అది, పికోకూలుంబుల్లో. పికో అంటే లక్ష కోట్లలో ఒక వంతు. కొనేవాళ్ళతో ఒప్పుకున్న హద్దు 10. తొమ్మిది కెపాసిటర్లు నాలుగూ ఐదూ చూపించాయి. పదోది 14. మళ్ళీ చూశాను, 14. రాత్రి ఎనిమిదైంది. సూపర్‌వైజర్‌ని పిలిచాను. ఆయన స్క్రీన్ వైపు చూసి, “ఉండనీయ్, పొద్దున చూద్దాం. రాత్రంతా నిలవుంటే దిగుతది” అన్నాడు.

పొద్దున 6 వచ్చింది. షీటులో 6 రాసి సంతకం పెట్టాను. డబ్బాలు అదే రోజు లారీ ఎక్కాయి.

ఆయన మోసగాడు కాదని నాకిప్పటికీ నమ్మకం. నూనెలో చిక్కుకున్న చిన్న బుడగ కొన్ని గంటలు కదపకుండా ఉంచితే నూనెలో కరిగిపోగలదు. ఇది అబద్ధం కాదు. నూనె నింపాక కొంతకాలం ఊరనివ్వడం పద్ధతిలో భాగమే. కాబట్టి రాత్రి 14, పొద్దున 6 అంటే, జబ్బు నయమైందని ఒక అర్థం. ఇంకో అర్థమూ ఉంది. బుడగలో రవ్వ పుట్టినప్పుడు లోపలి గోడల మీద ఛార్జి పేరుకుంటుంది, ఒత్తిడి మారుతుంది, కొంతసేపు రవ్వలు తగ్గుతాయి. అప్పుడు రీడింగు దిగింది గానీ బుడగ అక్కడే ఉంది. ఈ రెండిట్లో ఏది జరిగిందో ఆ 6 అనే అంకె చెప్పదు. 14, 6 రెండూ పక్కపక్కనుంటే కనీసం అనుమానించడానికి చోటుంటుంది.

పోనీ ఎక్కువ వోల్టేజితో ఇంకోసారి గట్టిగా పరీక్షించి తేల్చుకోవచ్చు కదా అంటే, అక్కడే ఈ వృత్తిలోని అసలు ఇరకాటం ఉంది. కెపాసిటర్ ఆయుష్షు వోల్టేజి మీద దాదాపు ఏడెనిమిదో ఘాతంగా ఆధారపడుతుందని స్థూలమైన లెక్క. పదిశాతం వోల్టేజి పెంచితే ఆయుష్షు సగమవుతుంది. అంటే పరీక్షే జీవితాన్ని తింటుంది. బాగున్న కెపాసిటర్‌ని మరీ మరీ పరీక్షిస్తే బాగాలేనిదాన్ని తయారుచేసి పంపినట్టు. చుట్టిన రేకులు విప్పి చూస్తే నిజం తెలుస్తుంది గానీ అప్పుడు అది కెపాసిటర్ కాదు. పూర్తిగా తెలుసుకోవడానికీ వాడుకోవడానికీ రెండిటికీ పనికొచ్చే వస్తువు లేదు. అందుకే మనుషులు కూర్చుని ఒక హద్దు ఒప్పుకున్నారు. పది లోపుంటే పాసు. పాసంటే బుడగ లేదని అర్థం కాదు, ఇంతకన్నా చిన్న చప్పుడుని విననట్టు ఉందామని ఒప్పందం. దీన్ని నేను తప్పుపట్టను. ఒప్పందం లేకపోతే ఏ యంత్రమూ ఫ్యాక్టరీ గేటు దాటదు.

అయితే ఒప్పందం అన్నాక దానికి రెండు పక్షాలుండాలి. హద్దు 10 అని కొనేవాళ్ళు ఒప్పుకున్నారు. ‘మొదట 14 వచ్చినా ఫరవాలేదు, తర్వాత దిగితే చాలు’ అని ఒప్పుకోలేదు. ఒప్పుకునేవాళ్ళేమో. అడిగితే సరేననేవాళ్ళేమో, లేదా ఆ పదోదాన్ని ఒక మెట్టు తక్కువ వోల్టేజిలో వాడుకునేవాళ్ళేమో. పది శాతం తగ్గించి వాడితే ఆయుష్షు రెట్టింపు, అదే లెక్క తలకిందులుగా. 14 తెలిసివుంటే వాళ్ళ చేతిలో ఒక నిర్ణయం ఉండేది. దాన్ని నేను వాళ్ళ బదులు తీసుకున్నాను, తీసుకుంటున్నానని కూడా తెలియకుండా. కంచెకి ఇవతల నిలబడి ఆ జనరేటర్‌ని పేల్చేది నాకన్నా రెండేళ్ళు చిన్నవాళ్ళు. వాళ్ళకి ఆ పదో డబ్బా కూడా మిగతా తొమ్మిదిలాంటిదే.

చాలాకాలం దీన్ని నా పిరికితనం కిందే జమకట్టుకున్నాను. రాయాల్సింది, రాయలేదు, అంతే. ఇప్పుడు అంత సూటిగా అనిపించట్లేదు. ఆ షీటులో రీడింగుకి ఒకటే గడి. రెండు అంకెలు రాయాలంటే గడి దాటి మార్జిన్‌లో రాయాలి, మార్జిన్‌లో రాసింది గొడవ పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. ఇరవై ఒక్కేళ్ళ వాడు సర్టిఫికెట్ కోసం వచ్చినచోట గొడవ పెట్టుకోడు. రెండు గడులుంటే, మొదటి రీడింగు, ఆఖరి రీడింగు అని, ఏ ధైర్యమూ అక్కర్లేకుండా రాసేవాణ్ణి. ధైర్యం ఉన్నవాళ్ళే నిజం చెప్పగలిగేలా ఫారం తయారుచేసినవాళ్ళ వాటా కూడా ఆ సంతకంలో ఉంది. ఇలా అన్నంతమాత్రాన నా వాటా తగ్గదు. పెన్ను నా చేతిలోనే ఉంది, మార్జిన్ ఖాళీగానే ఉంది. ముడత కనబడగానే మెషీన్ ఆపిన పెద్దావిడకి ఏ ఫారమూ లేదు. ఆమెకి ముక్కకింత అని కూలి, ఆపితే నష్టం ఆమెకే. అయినా ఆపేది.

ఆ పదో కెపాసిటర్ ఏమైందో నాకు తెలియదు. ఏ కాలేజీయో పేరు కూడా అప్పుడు అడగలేదు. ఏమీ కాకుండా ఇప్పటికీ పనిచేస్తూ ఉండొచ్చు, లెక్కప్రకారం ఆ అవకాశమే ఎక్కువ. అలా ఉంటే నేను చేసింది సరైనదవుతుందా? ఒకప్పుడు అవుతుందనే అనుకునేవాణ్ణి. బుడగ కరిగిందా లేదా అన్నది ఆ రాత్రే తేలిపోయిన సంగతి. నేను 6 ఒక్కటే రాయడం దాన్నిబట్టి మంచిదీ చెడ్డదీ అవ్వదు, ఎందుకంటే రాసేటప్పుడు నాకది తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం తెలుసు. షీటులో లేనిది అదే.

ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత ఒక చిన్న మార్పు చేశాను. రీ-రన్ నొక్కితే మొదటి ఫలితం చెరిగిపోకుండా ఒక ఫైల్లో చేరుతుంది, తేదీ, టెస్టు పేరు, నొక్కినవాళ్ళ పేరుతో సహా. పది పదిహేను వరసల కోడ్, అరపూట పని. మేనేజరు చూసి దీనివల్ల లాభమేంటన్నాడు. నాకు తోచిన జవాబు పల్సులూ ఆముదమూ కలిసింది కాబట్టి, డీబగ్గింగ్‌కి పనికొస్తుందని చెప్పి ఊరుకున్నాను.

రెండు వారాల్లో ఆ ఫైలు 40 వరసలైంది. ఇంతవరకూ ఎవరూ తెరిచి చూసినట్టు లేదు. మొన్న రాత్రి పదకొండు దాటాక రిలీజు ఆగిపోయింది, అదే టెస్టు. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద బళ్ళు పల్చబడ్డాయి, ఫ్లోరులో నేనూ ఇంకొకడూ తప్ప ఎవరూ లేరు. కాసేపు చూసి నొక్కాను. పచ్చబడింది. నలభై ఒకటో వరసలో నా పేరుంది.